తవ్వే యంత్రం పక్కన మనిషి: ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది?

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ వార్తల్లో ఒకే రకం కబురు మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ఫలానా కాలనీలో సెల్లార్ తవ్వుతుంటే మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయారని ఒకరోజు, జేసీబీ వెనక్కి వస్తూ కింద పనిచేస్తున్న మనిషిని తొక్కేసిందని ఇంకోరోజు. వార్త చివర ఆపరేటర్ మీద కేసు, బిల్డర్ కోసం గాలింపు. వానలకు ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్ఎంసీ ఉత్తర్వులివ్వడం మామూలే, ఉత్తర్వు తర్వాత కూడా ఎక్కడో ఒకచోట తవ్వకం సాగడమూ మామూలే. ఇటు అమరావతిలో 2025 మే 2న పనులు మళ్ళీ మొదలయ్యాక నల్లరేగడి నేలలో యంత్రాల సందడి పెరిగింది. తవ్వే యంత్రం ఇప్పుడు మన వీధి చివర రోజూ కనబడే వస్తువు.

"ఆపరేటర్ చూసుకోలేదు", "కూలీ అడ్డమొచ్చాడు" అన్న రెండు మాటలతో చాలా ప్రమాదాల కథ ముగిసిపోతుంది. రెండూ నిజమే కావచ్చు. ఆపరేటర్‌కు ఎందుకు కనబడలేదు, కూలీ అసలు అక్కడ ఎందుకున్నాడు అని ఇంకో అడుగు ముందుకేసి అడిగితే మాత్రం జవాబు మూడు చోట్ల దొరుకుతుంది: యంత్రం కొలతల్లో, మట్టి గుణంలో, అద్దె కట్టే పద్ధతిలో. మూడోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

జేసీబీ వేరు, పొక్లెయిన్ వేరు

ముందు పేర్లు తేల్చుకుందాం. నాలుగు టైర్ల మీద నడుస్తూ, ముందు వెడల్పు బకెట్, వెనక తవ్వే చేయి ఉన్న పసుపు బండిని మనం జేసీబీ అంటాం, తయారుచేసింది ఏ కంపెనీ అయినా సరే. బరువు ఏడెనిమిది టన్నులు. తవ్వేటప్పుడు ఆపరేటర్ సీటు తిప్పుకుని వెనక్కి తిరిగి కూర్చుంటాడు. వెనక రెండు పక్కలా జాక్‌లు దించి బండిని నిలబెడతాడు. తవ్వే చేయి దాదాపు అర్ధవృత్తం మేరకే తిరుగుతుంది, బండి ఒళ్ళు కదలదు.

చైన్ల మీద నడిచేది పొక్లెయిన్. కొందరు హిటాచీ అంటారు. సెల్లార్లకు, కాలువలకు ఎక్కువగా వచ్చేది 20 టన్నుల తరగతి. దీనిలో చైన్లు కింద ఉండిపోతే, పైన క్యాబిన్, ఇంజను, చేయి, వెనకనున్న ఇనుప దిమ్మ (కౌంటర్‌వెయిట్) అన్నీ కలిసి గిర్రున ఎన్ని చుట్లయినా తిరుగుతాయి.

ఈ ఒక్క తేడాతో ప్రమాదం దిశ మారిపోతుంది. జేసీబీ దగ్గర భయమంతా తవ్వే చేయి తిరిగే అర్ధవృత్తం దగ్గరా, బండి కదిలేటప్పుడు చక్రాల దగ్గరా. పొక్లెయిన్ దగ్గర బకెట్‌కు ఎదురుగా ఉన్నవాడికి ఎంత ముప్పు ఉందో, పూర్తిగా వెనక ఉన్నవాడికీ అంతే. బకెట్ ఎటుందో అటు అందరూ చూస్తారు. దిమ్మ వైపు ఎవరూ చూడరు.

తోక ఎంత దూరం వస్తుంది?

కొలతలతో చూస్తేనే ఇది బుర్రకెక్కుతుంది. 20 టన్నుల పొక్లెయిన్‌లో తిరిగే ఇరుసు నుంచి దిమ్మ చివరకు సుమారు 2.75 మీటర్లు. చైన్ల బయటి అంచుల మధ్య వెడల్పు సుమారు 2.8 మీటర్లు, అంటే ఇరుసు నుంచి చైను అంచుకు 1.4 మీటర్లు. చేయి ముందుకు చాచి ఉన్నంతసేపు దిమ్మ వెనక ఉంటుంది, పక్కన నిలబడినవాడికి చైను మాత్రమే కనబడుతుంది. టిప్పర్‌లో మట్టి పోయడానికి యంత్రం పక్కకు తిరిగిందో, అదే దిమ్మ చైను అంచు దాటి 1.35 మీటర్లు బయటికి వస్తుంది. చైనుకు మీటరు దూరంలో ఉన్నాను కదా అని ధీమాగా నిలబడ్డవాడు అప్పటికే దాని దారిలో ఉన్నాడు.

అక్కడ ఒక ప్రహరీ గోడ ఉందనుకోండి. చైనుకూ గోడకూ మధ్య 2 మీటర్లు ఉంటే దిమ్మ తిరిగినప్పుడు మిగిలే సందు 65 సెంటీమీటర్లు. అదే 1.5 మీటర్లయితే మిగిలేది 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ, తిరిగే భాగానికీ దగ్గరలో ఉన్న అడ్డుకూ మధ్య అర మీటరు పైన ఖాళీ ఉండాలంటుంది. మనిషి ఇరుక్కున్నా నలిగిపోకుండా మిగిలే చోటు అది. అంతకంటే తక్కువ ఉంటే ఆ సందులోకి ఎవరూ వెళ్ళే వీలు లేకుండా కంచె కట్టడమే మార్గం. మన సైట్లలో మంచినీళ్ళ డబ్బా, టిఫిన్ క్యారియర్లు పెట్టేది సరిగ్గా ఆ సందులోనే. గోడ నీడ పడుతుంది కదా.

ఇక వేగం. ఈ తరగతి యంత్రాలు నిమిషానికి 12 చుట్ల దాకా తిరగగలవు. ఒక చుట్టుకు 5 సెకన్లు, పావు చుట్టుకు సెకను పైచిలుకు. చేయి 8 మీటర్లు చాచి ఉంటే బకెట్ కొన సెకనుకు 10 మీటర్లు కదులుతుంది, గంటకు 36 కిలోమీటర్ల లెక్క. ఆపరేటర్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిప్పడు, నిజమే. సగం వేగమనుకున్నా పావు చుట్టుకు రెండున్నర సెకన్లే. పార పట్టుకుని, వంగి, చెప్పులు బురదలో దిగబడిన మనిషి ఆ వ్యవధిలో తలెత్తి చూసేలోపు పని అయిపోతుంది.

క్యాబిన్‌లోంచి ఏం కనబడుతుంది?

పొక్లెయిన్ క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది. కుడివైపు చూపుకు బూమ్ (చేతిలో ఒంటికి అతికి ఉండే లావు భాగం) అడ్డం, దాని వెనక ఇంజను కప్పు అడ్డం. వెనక దిమ్మ. అద్దాలున్నా దుమ్ము పట్టి ఉంటాయి, కొన్నింటికి విరిగిపోయిన కాడలే మిగులుతాయి. కొత్త యంత్రాలకు వెనక కెమెరా వస్తోంది. అద్దె మార్కెట్లో తిరిగే పాత బళ్ళకు అది లేదు.

"హారన్ ఉంది కదా" అంటారు కొందరు. యంత్రం కదిలేటప్పుడు మోగే అలారం పనికొచ్చేదే. రోజంతా నాలుగు యంత్రాలు మోగుతున్న సైట్‌లో ఆ మోత ఎవరి చెవికీ ఎక్కదన్నది అవతలి వాదం. పైగా చాలా పొక్లెయిన్లలో అలారం చైన్లు కదిలినప్పుడే మోగుతుంది, పైభాగం తిరిగినప్పుడు కాదు. అందుకే మనిషే సైగ చేసే పద్ధతి వచ్చింది. గల్ఫ్ సైట్లలో పనిచేసి వచ్చినవాళ్ళకు ఇతను బ్యాంక్స్‌మన్‌గా తెలుసు, మన దగ్గర సిగ్నల్ మ్యాన్. పద్ధతి ప్రకారం ఒక యంత్రానికి ఒకడే సైగ చేయాలి, అతను కనబడకపోతే ఆపరేటర్ ఆపేయాలి. 'ఆపు' అన్న సైగకు మాత్రం ఈ నియమం వర్తించదు, అది ఎవరు చేసినా ఆగాల్సిందే.

మన సైట్లలో మేస్త్రీ ఒకటి చూపిస్తాడు, ఇంజనీరు ఇంకోటి అరుస్తాడు, టిప్పర్ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తనదో సలహా ఇస్తాడు. ఆపరేటర్ బీహార్ నుంచో జార్ఖండ్ నుంచో వచ్చి ఉంటాడు. కింద మట్టి సరిచేసేవాళ్ళు పాలమూరు వాళ్ళో శ్రీకాకుళం వాళ్ళో. ఇంజను మోతలో తెలుగైనా హిందీ అయినా వినబడేది శూన్యం. చేతి సైగ ఒక్కటే మిగులుతుంది, దాని మీద ఎవరూ పొద్దున్నే కూర్చుని ఒప్పందానికి రారు.

కంటికి కనబడని ఇంకో చిక్కు క్యాబిన్ లోపలుంది. పొక్లెయిన్‌లో రెండు చేతులకు రెండు లివర్లు. వాటికి రెండు రకాల అమరికలు వాడుకలో ఉన్నాయి. ఒకదానిలో ఎడమ లివర్‌ను ముందుకు తోస్తే చేయి దూరంగా చాచుకుంటుంది. రెండోదానిలో అదే కదలికకు బూమ్ మొత్తం కిందికి దిగుతుంది. ఏళ్ళ తరబడి ఒక అమరికకు అలవాటుపడ్డవాడు కొత్త బండి ఎక్కి, ఉన్నట్టుండి కంగారులో పాత అలవాటుకు పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. "పదేళ్ళ అనుభవం ఉన్న ఆపరేటరే" అన్న మాట అన్ని వేళలా భరోసా కాదు.

దీనికి విరుగుడుగా యంత్రంలోనే ఒక సాధనం ఉంది. సీటు ఎడమ పక్కన ఉండే సేఫ్టీ లివర్, చాలా బళ్ళలో ఎర్ర పిడితో. దాన్ని లాక్‌లో పెడితే ఇంజను నడుస్తున్నా హైడ్రాలిక్స్ (చేతిని కదిపే నూనె ఒత్తిడి) పలకవు, మోచేయి తగిలినా చేయి కదలదు. మనిషి దగ్గరికి రావాలంటే ముందు ఆపరేటర్‌తో కళ్ళు కలపడం, ఆపరేటర్ బకెట్ నేలకు ఆనించి లివర్ లాక్ చేసి చేయెత్తి చూపడం, ఆ తర్వాతే అడుగు వేయడం అన్నది పెద్ద ప్రాజెక్టుల్లో నడిచే క్రమం. మొత్తం అర నిమిషం పని.

అర నిమిషం ఖరీదెంత?

అసలు ముడి ఇక్కడుంది. ఈ యంత్రాలు గంటల లెక్కన అద్దెకొస్తాయి. క్యాబిన్‌లో ఉండే అవర్ మీటర్, ఇంజను ఆన్‌లో ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది, బకెట్ కదిలినా కదలకపోయినా. సాయంత్రం రీడింగ్ చూసి డబ్బు కడతారు. కాబట్టి సైట్ యజమాని కళ్ళకు ఆగి ఉన్న యంత్రం అంటే కారిపోతున్న డబ్బు.

ఒక ఉదాహరణ. డ్రైనేజీ పైపు కోసం 100 మీటర్ల కందకం తవ్వాలి. ప్రతి 5 మీటర్లకు ఒకసారి కూలీ దిగి అడుగు లెవెల్ చూసి, పారతో సరిచేయాలి. అంటే 20 సార్లు. ప్రతిసారీ యంత్రాన్ని ఆపి, లాక్ చేయించి, మనిషి దిగి ఎక్కడానికి 2 నిమిషాలు పట్టిందనుకుంటే మొత్తం 40 నిమిషాలు. రోజు పనిలో 40 నిమిషాల అద్దె ఆదా చేయడానికి బకెట్ ఆడుతుండగానే మనిషి దాని పక్కన పార పట్టుకుని ఉంటాడు. ఇది ఎవరో దుర్మార్గంగా ఆలోచించి చేసింది కాదు. లెక్క కట్టే పద్ధతే మనిషిని ఆ వలయంలోకి తోస్తోంది.

కాంట్రాక్టర్ల వైపు మాటా వినాలి. చిన్న పనుల్లో మిగిలేదే తక్కువ, పక్క కాంట్రాక్టర్ ఆపకుండా చేస్తుంటే తాను ఆపితే టెండర్ రేటు గిట్టదు అంటారు. మాటలో నిజముంది. క్యూబిక్ మీటరు చొప్పున తవ్వకం గుత్తకిస్తే ఈ బాధ తీరుతుందని ఇంకొందరి ఆలోచన. అప్పుడు తొందర యజమాని నుంచి ఆపరేటర్‌కు బదిలీ అవుతుందే తప్ప మాయం కాదు. నాకు సబబుగా తోచేది ఆగే సమయాన్ని ముందే అంచనాలో వేరే పద్దుగా రాయడం. సిమెంటుకూ ఇనుముకూ పద్దు ఉన్నప్పుడు 40 నిమిషాలకు ఉండకూడదని ఏమీ లేదు.

గుంత అంచున మట్టి ఏం చేస్తుంది?

ప్రాణాలు ఎక్కువగా పోయేది మట్టి కూలినప్పుడు. ఒక క్యూబిక్ మీటరు మట్టి ఒకటిన్నర టన్ను పైనే తూగుతుంది, తడిస్తే రెండు టన్నులకు దగ్గరపడుతుంది. 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు ఎత్తు, అర మీటరు మందం ఉన్న పెళ్ల విరిగిందంటే ఒకటిన్నర క్యూబిక్ మీటర్లు, రెండు టన్నుల పైమాటే. తల బయటే ఉన్నా ఛాతీ వరకు కూరుకుపోయినవాడు ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తుంది, మళ్ళీ ఛాతీ విచ్చుకోదు. పక్కవాళ్ళు దూకి లాగబోతే రెండో పెళ్ల వాళ్ళ మీద పడటం తరచూ జరిగేదే. అదే జేసీబీతో తవ్వి తీద్దామంటే బకెట్ పళ్ళకు మట్టికీ మనిషికీ తేడా తెలియదు.

నిలువుగా కోసిన మట్టి వెంటనే ఎందుకు కూలదు? మట్టి రేణువుల మధ్య ఉండే కొద్దిపాటి తేమ, బంక వాటిని కొంతసేపు పట్టి ఉంచుతాయి. ఆ 'కొంతసేపు' గంట కావచ్చు, వారం కావచ్చు. "మూడు రోజుల నుంచి అలాగే నిలబడింది సార్" అన్న మాట అందుకే మోసం చేస్తుంది. నల్లరేగడి ఎండలో రాయిలా గట్టిపడి నెర్రెలిస్తుంది, వాన పడితే నీళ్ళు ఆ నెర్రెల్లోంచి లోపలికి దిగి పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. గట్టి మొరం కొంత నయం. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒకప్పుడు పూడ్చిన మట్టి: పాత చెరువు శిఖం, పాత బావి, పక్కింటి పునాది కోసం తవ్వి నింపిన చోటు. పైకి చూస్తే తేడా తెలియదు. అంచుకు సమాంతరంగా, కాస్త వెనగ్గా సన్నటి పగులు కనబడితే ఆ పెళ్ల విడివడటం మొదలైందని అర్థం.

కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) తన కాంట్రాక్టుల్లో పెట్టే భద్రతా నియమావళి ఈ విషయంలో సూటిగా ఉంటుంది. 1.5 మీటర్లు, ఆపైన లోతున్న కందకం పక్కలను వాలుగా మెట్లు మెట్లుగా కోయాలి, లేదా కర్రలతో బిగించి ఆపాలి. 1.2 మీటర్లు దాటితే ప్రతి 30 మీటర్ల పొడవుకు కనీసం ఒక నిచ్చెన ఉండాలి, అది నేల పైకి 90 సెంటీమీటర్లు రావాలి. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. 2 మీటర్ల గుంతకు 1.5 మీటర్లు, 4 మీటర్ల సెల్లార్‌కు 2 మీటర్లన్నమాట. కింద గుల్ల చేసి పైన వేలాడేలా తవ్వడం పూర్తిగా నిషిద్ధం. తీసిన మట్టి కుప్పే అంత దూరం ఉండాలంటే, 20 టన్నుల యంత్రం అంచు మీద నిలబడటం గురించి వేరే చెప్పాలా? అందుకే అనుభవమున్న ఆపరేటర్ చైన్లను అంచుకు సమాంతరంగా కాకుండా లంబంగా ఉంచుతాడు, నడిపే మోటార్లు వెనక వైపు ఉండేలా. నేల కుంగినట్టు అనిపిస్తే తిన్నగా వెనక్కి వచ్చేయొచ్చు.

నియమం ఇంత స్పష్టంగా ఉన్నా నిలువుగా ఎందుకు కోస్తారు? 200 గజాల ప్లాటు తీసుకోండి, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. వెడల్పు దాదాపు 9.1 మీటర్లు. 3 మీటర్ల లోతు సెల్లార్‌కు మీటరుకు మీటరు చొప్పున, అంటే 45 డిగ్రీల వాలు ఇస్తే రెండు పక్కలా 3 మీటర్లు చొప్పున 6 మీటర్లు వాలుకే పోతుంది. అడుగున మిగిలేది 3.1 మీటర్లు, ఒక కారు పట్టే వెడల్పు. వదులు మట్టికి అమెరికా నిబంధనలు అడిగే వాలు ఇంకా ఎక్కువ, 3 మీటర్ల లోతుకు పక్కకు 4.5 మీటర్లు. ఆ లెక్కన రెండు వాలులూ కింద దాదాపు కలిసిపోతాయి, గుంతే మిగలదు.

కాబట్టి చిన్న ప్లాటులో వాలు అన్నది కాగితం మీది మాటే. మిగిలింది షోరింగ్, అంటే పక్కలకు ఇనుప షీట్లు గానీ స్తంభాల్లాంటి పైల్స్ గానీ దించి మట్టిని ఆపడం. ఖర్చు, సమయం రెండూ కావాలి. భద్రతా నిపుణులు షోరింగ్ లేకుండా సెల్లార్‌కు అనుమతే ఇవ్వొద్దంటారు. బిల్డర్లు అప్పుడు చిన్న ప్లాట్లలో పార్కింగ్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పమంటారు. మధ్యేమార్గంగా కొందరు ఇంజనీర్లు మొత్తం ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి, ప్రతి ముక్కకూ రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) లేపాకే తర్వాతి ముక్కకు వెళతారు. పని నెమ్మదిస్తుంది, పొక్లెయిన్ రెండు మూడుసార్లు రావాలి. మళ్ళీ అవర్ మీటర్ దగ్గరికే వచ్చాం.

పైన తీగ, కింద పైపు

రోడ్డు దాటే చోట 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలని విద్యుత్ నిబంధనలు చెబుతాయి. 20 టన్నుల పొక్లెయిన్ చేయి పూర్తిగా ఎత్తితే 9 మీటర్లు దాటుతుంది. తవ్వి పోసిన కుప్ప మీద యంత్రం ఎక్కిందంటే ఆ ఎత్తు కూడా కలుస్తుంది. తొట్టి లేపిన టిప్పర్‌కూ ఇదే గండం. ఎక్కువ వోల్టేజీ తీగకు తగలాల్సిన పనే లేదు, బాగా దగ్గరికి వెళితే గాల్లోంచే దూకుతుంది.

తగిలినప్పుడు చనిపోయేది చాలాసార్లు ఆపరేటర్ కాదు, కింద ఉన్నవాడో, కంగారుగా దిగబోయినవాడో. యంత్రం ఒళ్ళంతా ఒకే వోల్టేజీలో ఉంటుంది కాబట్టి లోపల కూర్చున్నవాడి గుండా కరెంటు ప్రవహించదు. ఒక కాలు నేల మీద, ఒక చేయి యంత్రం మీద పెట్టిన క్షణాన మనిషే తీగ అవుతాడు. యంత్రం చుట్టూ నేలలో కూడా వోల్టేజీ దూరాన్ని బట్టి తగ్గుతూ పోతుంది. పెద్ద అంగ వేస్తే రెండు పాదాల మధ్య ఆ తేడా ఒంట్లోంచి పోతుంది. మంటలు లేచి దిగక తప్పకపోతే యంత్రాన్ని తాకకుండా, రెండు పాదాలూ జతగా ఆనేలా దూకి, పాదాలు విడదీయకుండా జరుగుతూ దూరం వెళ్ళమనేది ఇందుకే.

కింద ఉన్నవాటికి ఇంత లెక్క అక్కర్లేదు, సమాచారం కావాలి. కేబుళ్ళు, గ్యాస్ పైపులు, ఫైబర్ ఎక్కడున్నాయో తవ్వే ముందు ఆయా సంస్థలను అడగడానికి కేంద్రం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. మ్యాపుల్లో గీత ఒకచోట, నేలలో పైపు ఇంకోచోట ఉండటం కొత్త కాదు. అందుకే గీతకు దగ్గరపడ్డాక యంత్రం ఆపి పారతో తవ్వి చూసుకునే పద్ధతి ఇంకా పోలేదు.

బకెట్‌లో మనుషులు

బకెట్ మట్టి కోసం. నాయకుడి మీద పూలు చల్లడానికి, ఫ్లెక్సీ కట్టడానికి మనుషులను అందులో ఎక్కించడం మనకు వేడుకైపోయింది. హైడ్రాలిక్ గొట్టం పగిలినా, లివర్‌కు మోచేయి తగిలినా అందులోని మనిషికి పట్టు ఏదీ లేదు. అయితే 2024 సెప్టెంబరు వరదల్లో ఖమ్మం మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ వంతెన దగ్గర చిక్కుకున్న 9 మందిని బయటకు తెచ్చింది జేసీబీయే. వేరే దారి లేనప్పటి సాహసాన్ని రోజువారీ పనికి కొలబద్దగా తీసుకోలేం. బకెట్ పళ్ళకు గొలుసు తగిలించి సిమెంటు పైపులు దించడమూ ఈ కోవలోదే. బరువెత్తడానికి ప్రత్యేకంగా కొక్కెం, ఏ దూరంలో ఎంత బరువో చెప్పే పట్టిక ఉన్న యంత్రాలుంటాయి. పళ్ళకు ఆ లెక్క లేదు.

2019లో జేసీబీ తవ్వకం చూసే జనం మీద దేశమంతా నవ్వుకుంది. ఆ జనం నిలబడేది ఎక్కడో ఒక్కసారి ఆ ఫొటోల్లో చూడండి: గుంత అంచున, బకెట్ అందే దూరంలో.

కేసు ఎవరి మీద?

ప్రమాదం జరిగితే పోలీసులు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమయ్యారని కేసు పెడతారు. శిక్ష ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. మొదటి పేరు ఆపరేటర్‌దే అవుతుంది, లివర్ అతని చేతిలో ఉంది కాబట్టి. అతను హెల్పర్‌గా చేరి, మధ్యాహ్నం భోజనం వేళ బండి నడిపి పని నేర్చుకున్నవాడై ఉంటాడు. డ్రైవింగ్ లైసెన్సు చూసేది రోడ్డు మీద నడపడాన్నే. తవ్వే నైపుణ్యానికి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ ధ్రువపత్రాలున్నా, అద్దెకు తీసుకునేవాడు అది అడగడం అరుదు.

కార్మిక చట్టం చూపు వేరు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం భద్రత బాధ్యతను పని ఇచ్చే యజమాని మీద పెట్టింది, 500 మంది, అంతకుమించి ఉన్న చోట భద్రతాధికారి ఉండాలంది. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్ నిర్మాణ పనులకు ఆ సంఖ్యను 250కి దించింది. మెట్రో, రింగు రోడ్డు, రాజధాని పనుల్లాంటి వాటికి ఇది పట్టు బిగించేదే. కాలనీ మధ్యలో 200 గజాల్లో సెల్లార్ తవ్వే చోట ఉండేది ఒక పొక్లెయిన్, రెండు టిప్పర్లు, మేస్త్రీతో కలిపి పాతిక మంది. 250 అయినా 500 అయినా ఆ గుంతకు భద్రతాధికారి రాడు. అక్కడ యంత్రాన్ని ఆపమనగలిగింది మేస్త్రీ ఒక్కడే, అతనికి కూలి ఇచ్చేది మీటర్ రీడింగ్ చూసుకునే మనిషే.